ముద్రణారంగం – మారుతున్న కొలువులు

పాఠ్యభాగ ఉద్దేశం

చదువుకున్న ప్రతివానికీ అచ్చు పుస్తకంతో పరిచయం ఉంటుంది. ఆ పుస్తకాన్ని అచ్చువేసిన చేతులతో పరిచయం ఉన్నవారు అరుదు. ముద్రణ ఒక కళ, ఒక శాస్త్రం, అంతకుమించి వేలాది కుటుంబాల జీవనాధారం. సాంకేతిక విధానాలు మారిన ప్రతిసారీ ఈ రంగంలో కొన్ని వృత్తులు అంతరించి, మరికొన్ని పుట్టుకొచ్చాయి. ఆ మార్పుల క్రమాన్ని వివరించడం, నేటి ముద్రణ పరిశ్రమలో ఉన్న ఉపాధి అవకాశాలను పరిచయం చేయడం, భాషాజ్ఞానానికీ బతుకుతెరువుకూ గల సంబంధాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక శుభలేఖ కథ

పశ్చిమ ప్రకాశ ప్రాంతంలో, పల్నాటి సరిహద్దుకు చేరువగా ఉన్న మండలం పుల్లలచెరువు. వానమీద ఆధారపడిన సేద్యం, తరచుగా పలకరించే కరవు, పొట్టకూటికై పట్టణాలకు సాగే వలసలు ఇక్కడి జీవితంలో భాగాలు. కొన్నేళ్ళ కిందట ఈ ప్రాంతంలోని ఒక పల్లెలో పెళ్ళి జరిగింది. ముహూర్తం బుధవారం రాత్రి గడిచాక, తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు. మన పంచాంగ సంప్రదాయంలో సూర్యోదయంతోగాని కొత్త వారం ప్రారంభం కాదు. అందుచేత పురోహితుడు వ్రాసి ఇచ్చిన కాగితంలో ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, 3 గంటల 20 నిమిషాలకు’ అని ఉంది.

పట్టణంలోని అచ్చుకూటంలో కంప్యూటరు ముందు కూర్చున్న యువకునికి ఒకే ముహూర్తానికి రెండు వారాల పేర్లు ఉండడం పొరపాటుగా తోచింది. అతడు ‘గురువారం రాత్రి 3 గంటల 20 నిమిషాలకు’ అని సవరించాడు. వధూవరుల పేర్లలో అక్షరదోషం లేదు. బంగారు రంగు మెరుపులో లోపం లేదు. శుభలేఖలు అందంగా అచ్చయి ఊరూరా పంచబడ్డాయి. హైదరాబాదు, గుంటూరు పట్టణాలలో స్థిరపడిన బంధువులు గురువారం సాయంత్రానికి ఊరు చేరేసరికి పెళ్ళిపందిరి విప్పుతున్నారు. వారిలో మేనకోడలి తలంబ్రాలు కన్నులారా చూడాలని వచ్చిన ఒక వృద్ధురాలు కూడా ఉంది.

ఇక్కడ యంత్రం తన పని తాను సక్రమంగానే చేసింది. యంత్రాన్ని నడిపిన యువకుడు కూడా నేర్పరియే. అతనికి తెలియనిది ‘తెల్లవారితే’ అన్న ఒక్క మాట అర్థం. ఈ చిన్న సంఘటనను మనసులో ఉంచుకుని ముద్రణారంగం గడిచివచ్చిన దారిని పరిశీలిద్దాం.

పలక చెప్పిన పాఠం

పుల్లలచెరువుకు సమీప పట్టణాలలో మార్కాపురం ఒకటి. మార్కాపురం అనగానే మన పెద్దలకు పలక జ్ఞాపకం వస్తుంది. ఇక్కడి భూగర్భంలో లభించే పలకరాతిని గనులనుండి వెలికితీసి, పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించి దేశంలోని అనేక ప్రాంతాలకు పంపేవారు. ఎందరో బాలబాలికలు మార్కాపురం పలకమీదనే అక్షరాభ్యాసం చేశారు. గనిలో రాయి తీసేవారు, చీల్చేవారు, చట్రాలు బిగించేవారు, బండ్లకు ఎత్తేవారు అందరూ ఆ పలకపైనే బతికారు.

కాగితపు నోటుపుస్తకం చౌకగా లభించసాగింది. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు అంగళ్ళకు వచ్చాయి. బడిసంచిలో రాతిపలక స్థానం క్రమంగా కుంచించుకుపోయింది. పలకల గిరాకీ తగ్గడంతో చాలామంది శ్రామికులు పని కోల్పోయారు. కొందరు వ్యాపారులు అదే రాతిని గోడలకు, నేలకు అమర్చే పలకలుగా మలిచి విదేశాలకు ఎగుమతి చేయడం నేర్చుకున్నారు. రాయి అదే. దాని ప్రయోజనం మారింది. ప్రయోజనం మారడాన్ని ముందుగా గుర్తించినవారు నిలబడ్డారు.

పలకను పక్కకు నెట్టినది కాగితం. ఆ కాగితాన్ని ఆశ్రయించి బతికిన ముద్రణారంగం కూడా కాలక్రమంలో అటువంటి పరీక్షనే ఎదుర్కొనవలసి వచ్చింది.

తెలుగు అచ్చు – తొలి కొలువులు

తెలుగు అక్షరం మొదటిసారిగా అచ్చయినది తెలుగునేలమీద కాదు. 1746లో జర్మనీ దేశంలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుని కృషితో తెలుగులో క్రైస్తవ గ్రంథాలు ముద్రింపబడ్డాయి. తరువాత వంగదేశంలోని శ్రీరాంపూరులో విలియం కేరీ, ఆయన సహచరులు నెలకొల్పిన ముద్రణాలయం అనేక భారతీయ భాషలకు అచ్చు అక్షరాలను సమకూర్చింది. 1812 మార్చిలో ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయింది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కాలిపోయింది. అచ్చు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి. అయినా అక్షరాలు చెక్కే నేర్పు పనివారి చేతులలో భద్రంగా ఉంది. కరిగిన లోహాన్నే తిరిగి పోతపోసి కొద్ది నెలలలో పని ప్రారంభించారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం వెలుగు చూసింది.

తెలుగు గ్రంథముద్రణకు ఆనాడు మద్రాసు ప్రధాన కేంద్రమయింది. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణం మద్రాసు కళాశాల ముద్రణాలయంలో అచ్చయింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలోని తన బంగళాలో జూలూరి అప్పయ్య మొదలైన పండితులను, లేఖకులను జీతాలమీద నియమించి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన నిఘంటువు 1852లో వెలువడింది. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు మద్రాసులో ముద్రణాలయం స్థాపించి, ప్రాచీన కావ్యాలను సామాన్య పాఠకునికి అందుబాటులోకి తెచ్చి మహోపకారం చేశారు. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. మొదట మద్రాసులో అచ్చయిన ఆ పత్రికకోసం ఆయన తరువాత రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు.

ఈ చరిత్రను సాధారణంగా గ్రంథాల చరిత్రగా చదువుతాం. దీనిని ఉద్యోగాల చరిత్రగా కూడా చదవవచ్చు. తాటాకుమీద గంటంతో వ్రాసే లేఖకుని వృత్తి ఈ కాలంలోనే క్షీణించింది. దానికి బదులుగా అక్షరాలు చెక్కేవారు, పోతపోసేవారు, కూర్చేవారు, చిత్తుప్రతులు దిద్దేవారు, యంత్రం నడిపేవారు, పుస్తకం కుట్టేవారు అనే కొత్త వృత్తులు పుట్టాయి. ప్రతిని పరిష్కరించే పండితుని అవసరం మాత్రం తాటాకు కాలంలోను, అచ్చు కాలంలోను ఒకే తీరుగా నిలిచింది.

కంపోజిటర్ యుగం

ఇరవయ్యో శతాబ్దం చాలా భాగం తెలుగు అచ్చుకూటానికి ప్రాణం కంపోజిటర్. ఆంగ్లానికి కొద్దిపాటి అక్షరాలతో పని జరుగుతుంది. తెలుగుకు అది చాలదు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి కొన్ని వందల అచ్చు దిమ్మెలు కావాలి. వాటిని అరలు అరలుగా ఉన్న కొయ్య పెట్టెలలో ఉంచేవారు. ఆ పెట్టెను ‘కేసు’ అనేవారు. కంపోజిటర్ ఎడమచేతిలో ‘స్టిక్’ అనే చిన్న లోహపు పట్టీని పట్టుకుని, వ్రాతప్రతిని చూస్తూ, కుడిచేతితో అక్షరాలను ఏరి పంక్తులుగా పేర్చేవాడు. దిమ్మెమీద అక్షరం తలకిందులుగా, అద్దంలో ప్రతిబింబంవలె ఉంటుంది. దానిని చూచిన వెంటనే చదవగలగడం అతని విద్య.

పంక్తులు పేజీలయ్యేవి. పేజీలను ఇనుప చట్రంలో బిగిస్తే ‘ఫారం’ సిద్ధమయ్యేది. దానికి సిరా పూసి ప్రూఫు తీసేవారు. ప్రూఫ్ రీడర్ తప్పులు గుర్తించి అంచులలో సూచనలు వ్రాసేవాడు. చిన్న పనులకు కాలితో తొక్కే ట్రెడిల్ యంత్రం, పెద్ద పనులకు సిలిండర్ యంత్రం ఉపయోగపడేవి. ముద్రణ ముగిసిన పిమ్మట దిమ్మెలను కడిగి, ఏ అక్షరాన్ని ఆ అరలో తిరిగి వేయడం మరొక పని. కొత్తగా చేరిన కుర్రవాడు సాధారణంగా ఈ పనితోనే వృత్తిలో అడుగుపెట్టేవాడు. అరల స్థానాలు చేతికి అలవడిన తరువాతనే అతనికి స్టిక్ అందేది.

ఈ వృత్తిలో కష్టం కూడా తక్కువ కాదు. అచ్చు దిమ్మెలు సీసం, తగరం, ఆంటిమనీ కలిపిన లోహంతో తయారయ్యేవి. సీసపు ధూళి ఆరోగ్యానికి హానికరం. మసక వెలుతురులో గంటల తరబడి నిలబడి చేసే పని కంటిచూపును హరించేది. అయినా కంపోజిటర్‌కు సంఘంలో ఒక మన్నన ఉండేది. రోజూ వేల అక్షరాలు కూర్చే అనుభవంవల్ల పెద్ద చదువు లేనివాడు కూడా మంచి భాష ఎరిగినవాడయ్యేవాడు. రచయిత మరచిన అరసున్నను గుర్తుచేసే కంపోజిటర్లుండేవారని పెద్దలు చెబుతుంటారు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువడింది. 1947లో మద్రాసులో ‘చందమామ’ పుట్టింది. తరువాతి దశాబ్దాలలో విజయవాడ తెలుగు పుస్తక ప్రచురణకు ముఖ్యకేంద్రంగా ఎదిగింది. పాఠ్యపుస్తకాలు, నవలలు, పంచాంగాలు, కేలండర్లు అక్కడి అచ్చుకూటాలకు ఏడాది పొడవునా పని కల్పించాయి. తాలూకా కేంద్రాలలో సైతం కరపత్రాలు, రసీదు పుస్తకాలు, శుభలేఖలు అచ్చువేసే ట్రెడిల్ ముద్రణాలయాలు వెలిశాయి.

ఆఫ్‌సెట్, డి.టి.పి. రాకతో

1796 ప్రాంతంలో జర్మనీకి చెందిన అలాయిస్ సెనెఫెల్డర్ ఒక వింత విధానం కనుగొన్నాడు. నూనె, నీరు కలవవు. నునుపైన సున్నపురాతిమీద జిడ్డు సిరాతో వ్రాసి, రాతిని నీటితో తడిపితే, వ్రాసినచోట మాత్రమే ముద్రణ సిరా అంటుకుంటుంది. దానిమీద కాగితం అదిమితే అచ్చు పడుతుంది. అదే శిలాముద్రణ. రాతి స్థానంలో పలుచని లోహపు ప్లేటును, నడుమ ఒక రబ్బరు దుప్పటిని చేర్చినపుడు ఆఫ్‌సెట్ ముద్రణ అయింది. ప్లేటునుండి రబ్బరుమీదికి, రబ్బరునుండి కాగితం మీదికి బొమ్మ దిగుతుంది. వేగం ఎక్కువ, నాణ్యత ఎక్కువ. నీలి, ఎరుపు, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో వర్ణచిత్రాలను ముద్రించవచ్చు.

1974 ఆగస్టు 10న విశాఖపట్టణంలో ‘ఈనాడు’ దినపత్రిక ప్రారంభమయింది. పత్రిక ఒక్క నగరంలో అచ్చయి రైలులో, బస్సులో ఊరూరికీ ప్రయాణం చేసే పద్ధతి క్రమంగా మారి, అనేక కేంద్రాలలో అచ్చయ్యే పద్ధతి వచ్చింది. జిల్లాలకు ప్రత్యేక సంచికలు వెలిశాయి. 2008 మార్చిలో ‘సాక్షి’ ఒకేసారి 23 కేంద్రాలనుండి వెలువడింది. ప్రతి కొత్త కేంద్రం యంత్రచోదకులకు, ప్లేటు తయారీదారులకు, పుటల రూపకర్తలకు, ఉపసంపాదకులకు, రాత్రివేళ కట్టలు కట్టేవారికి, తెల్లవారుజామున పంపిణీ చేసేవారికి ఉపాధి చూపింది.

కంపోజిటర్‌కు అసలు దెబ్బ తగిలినది కంప్యూటరు వలన. 1980వ దశకం చివర, 1990వ దశకంలో డి.టి.పి. విధానం తెలుగునాట వ్యాపించింది. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో తెలుగు అక్షరాలు తెరమీదనే రూపుదిద్దుకున్నాయి. పదిమంది కంపోజిటర్లు చేసే పనిని ఇద్దరు ఆపరేటర్లు చేయసాగారు. కొయ్య కేసులు అటకెక్కాయి. సీసపు దిమ్మెలు తూకానికి అమ్ముడుపోయాయి. కొందరు కంపోజిటర్లు నడివయసులో కీబోర్డు నేర్చుకున్నారు. కొందరు ప్రూఫ్ రీడర్లుగా, బైండర్లుగా మారారు. మరికొందరు ఈ రంగాన్నే విడిచి వెళ్ళారు. అదే సమయంలో డి.టి.పి. కేంద్రాలు మండలస్థాయికి విస్తరించాయి. అంతకుముందు అచ్చుకూటంలో మహిళలు ఎక్కువగా పుస్తకాల కుట్టుపనిలో కనిపించేవారు. కంప్యూటరు రాకతో కూర్పుపనిలోనూ వారి సంఖ్య పెరిగింది.

ఈ మార్పులో ఒక నష్టం ఎవరూ లెక్కించలేదు. కంపోజిటర్, ప్రూఫ్ రీడర్, యంత్రచోదకుడు అనే మూడు జతల కళ్ళు చూచిన ప్రతిని ఇప్పుడు తరచుగా ఒకే జత కళ్ళు చూస్తున్నాయి. మొదట చెప్పుకున్న శుభలేఖలో దోషం దొర్లిన చోటు ఇదే.

తగ్గిన గిరాకీ – పెరిగిన గిరాకీ

ఇరవైయొకటో శతాబ్దంలో ముద్రణ వ్యాపారం ఒకేవైపు నడవలేదు. కొన్ని శాఖలు ఎండుతుండగా కొన్ని చిగిర్చాయి.

ముందుగా ఎండిన శాఖలను చూద్దాం. వార్తలు చరవాణిలో చదివే అలవాటు పెరిగింది. ‘చందమామ’ ముద్రణ 2013 ప్రాంతంలో ఆగిపోయింది. 2020లో కరోనా విపత్తు సంభవించినపుడు పత్రికల పుటలు తగ్గాయి, ప్రకటనలు తగ్గాయి. ఆ సంవత్సరం మార్చిలో ‘ఆంధ్రభూమి’ ముద్రణ నిలిచిపోయింది. పెళ్ళిళ్ళు కొద్దిమందితో జరగడంవల్ల శుభలేఖల పని స్తంభించింది. చరవాణిలో శుభలేఖ పంపే పద్ధతి అప్పుడు బలపడి, తరువాత కూడా కొనసాగింది. పూర్వం ఊరంతటికీ కార్డులు పంచిన కుటుంబాలు ఇప్పుడు దేవుని ముందు ఉంచడానికి, దగ్గరి బంధువులకు బొట్టుపెట్టి ఇవ్వడానికి మాత్రం అచ్చువేయించుకుంటున్నాయి. బిల్లు పుస్తకాలు, దరఖాస్తు ఫారాలు వంటి చిల్లర పనులను కూడా కంప్యూటరే కాజేసింది.

ఫ్లెక్సీ కథ మరొక తీరు. పూర్వం గుడ్డ బ్యానర్లు, గోడరాతలు చిత్రకారులు చేతితో వ్రాసేవారు. 2000 సంవత్సరం తరువాత వచ్చిన ఫ్లెక్సీ యంత్రం వారి కుంచెను మూలకు నెట్టింది. ఆ ఫ్లెక్సీ వ్యాపారానికి కూడా గండం తప్పలేదు. పర్యావరణానికి ముప్పు అన్న కారణంతో 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించింది. అమలు గడువును ముందు నవంబరు 1గా నిర్ణయించి, తరువాత 2023 జనవరి 26కు జరిపింది. అప్పుచేసి యంత్రాలు కొన్న చిన్న వ్యాపారులు తీవ్రంగా ఆందోళన చెందారు. ఒకే యంత్రంమీద, ఒకే రకమైన గిరాకీమీద ఆధారపడిన వ్యాపారం ఎంత సున్నితమైనదో ఈ ఉదంతం తెలియజేస్తుంది.

ఇక చిగిర్చిన శాఖలు. అన్నింటిలో ముఖ్యమైనది ప్యాకేజింగ్. మందుల పెట్టె, విత్తనాల సంచి, కారం పొడి పొట్లం, సబ్బు కాగితం, పాల ప్యాకెట్ – ఇవన్నీ ముద్రణాలయాలనుండి వచ్చేవే. చరవాణి వార్తను మోయగలదు గాని మందుబిళ్ళలను మోయలేదు. హైదరాబాదు పరిసరాలలోని ఔషధ పరిశ్రమకు, విత్తన పరిశ్రమకు అట్టపెట్టెలు, లేబుళ్ళు నిత్యం కావాలి. ఈ శాఖలో ఆఫ్‌సెట్‌తోపాటు ప్లాస్టిక్ పొరలమీద అచ్చువేసే గ్రావ్యూర్, ఫ్లెక్సోగ్రఫీ విధానాలు వాడుకలో ఉన్నాయి. లేబులుమీద ముద్రించే మోతాదు, తయారీ తేదీ, గడువు తేదీ చట్టం కోరే వివరాలు. అక్కడ ఒక్క అంకె తప్పితే సరుకంతా వెనక్కి వస్తుంది. ప్రాణాపాయం కూడా కలగవచ్చు. కాబట్టి నాణ్యత తనిఖీ చేసేవారికి ఈ శాఖలో అత్యవసరమైన స్థానముంది.

రెండవది విద్యారంగం. పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, ప్రశ్నపత్రాలు ఏటేటా అచ్చువేయవలసినవే. 2020-21 విద్యాసంవత్సరంనుండి ఆంధ్రప్రదేశ్ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదురుపుటలో ఆంగ్లం ఉండే ఈ పుస్తకాల వలన అచ్చువేయవలసిన పుటలు పెరిగాయి.

మూడవది స్వల్పసంఖ్యా ముద్రణ. ఒకనాడు తెలుగు రచయిత తన పుస్తకాన్ని వెయ్యి ప్రతులు వేయించి, అమ్ముడుపోని ప్రతులను మంచం కింద దాచుకునేవాడు. ప్లేటు అవసరం లేని డిజిటల్ యంత్రాలవల్ల ఇప్పుడు వంద ప్రతులు, యాభై ప్రతులు కూడా వేయించుకోవచ్చు. అమ్ముడైన కొద్దీ మళ్ళీ అచ్చువేయవచ్చు. దీనివల్ల చిన్న ప్రచురణకర్తల సంఖ్య పెరిగింది. వారికి పుస్తకాన్ని తీర్చిదిద్దేవారు, ముఖచిత్రం వేసేవారు, ప్రూఫులు దిద్దేవారు కావాలి.

పనికి కాలం – కాలానికి పని

ముద్రణరంగంలో చేరదలచినవారు ఈ వ్యాపారపు రుతువులను ఎరిగి ఉండాలి. పెళ్ళి ముహూర్తాలు ఉన్న నెలలలో చిన్న అచ్చుకూటాలు రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా శుభలేఖల పని ఆగుతుంది. జూన్ నెలకు ముందు నోటుపుస్తకాల తొందర, కొత్త సంవత్సరానికి ముందు కేలండర్లు, డైరీల తొందర ఉంటుంది. ఎన్నికలు వస్తే కరపత్రాల పని వరదలా వచ్చిపడుతుంది. ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు తప్పనిసరిగా ఉండాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127-ఎ విభాగం నిర్దేశిస్తుంది. తెలియక ఆ పేర్లు వదలివేసిన ముద్రాపకుడు శిక్షకు గురికావలసి వస్తుంది. 1867 నాటి ముద్రణాలయాల చట్టానికి బదులుగా 2023లో చేసిన పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1నుండి అమలులోకి వచ్చింది. సొంతంగా వ్యాపారం పెట్టదలచినవారికి యంత్రజ్ఞానంతోపాటు ఇటువంటి చట్టజ్ఞానం కూడా అవసరం.

పని రుతువులవారీగా ఉండడంచేత చిన్న అచ్చుకూటాలు శాశ్వత ఉద్యోగులను తక్కువగా, రోజుకూలి పనివారిని ఎక్కువగా పెట్టుకుంటాయి. పరిచయస్థుల మాటమీద జరిగే నియామకాలే అధికం. పత్రికలో ప్రకటన చూచి, పరీక్ష వ్రాసి చేరే పద్ధతి పెద్ద సంస్థలకే పరిమితం. పనిలో చేరేటప్పుడు నియామక పత్రం అడగడం, వేతనం, పనిగంటలు ముందే తెలుసుకోవడం మంచిది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో ఈ.ఎస్.ఐ. సౌకర్యం, ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో భవిష్యనిధి సౌకర్యం చట్టం నిర్ణయించిన పరిమితులకు లోబడి వర్తిస్తాయి. వీటిని అడిగి తెలుసుకోవడం ఉద్యోగి బాధ్యత.

ఎవరికి కొలువు?

నేటి ముద్రణాలయంలోని పనులను మూడు దశలుగా విభజించవచ్చు.

మొదటిది ముద్రణకు ముందు దశ. అక్షరాల కూర్పు, పుటల రూపకల్పన, చిత్రాల సవరణ, ప్రూఫు పరిశీలన, ప్లేటు తయారీ దీని కిందికి వస్తాయి. రెండవది ముద్రణదశ. ఆఫ్‌సెట్, డిజిటల్, ఫ్లెక్సో యంత్రాలను నడపడం, రంగుల సమతూకం చూడడం, యంత్రాల మరమ్మతు ఇందులోనివి. మూడవది ముద్రణానంతర దశ. మడత, కుట్టు, బైండింగ్, లామినేషన్, అట్టపెట్టెలను ఆకారానికి కత్తిరించే డై కటింగ్ మొదలైనవి ఈ దశకు చెందుతాయి. వీటికి తోడు గిరాకీదారులతో మాట్లాడి, కాగితం లెక్క, ఖర్చు అంచనా వేసే ఉద్యోగి ప్రతి పెద్ద ముద్రణాలయానికీ అవసరం. ఒక పుస్తకానికి ఎన్ని రీముల కాగితం పడుతుందో, ఎంత వృథా అవుతుందో లెక్కగట్టగలవాడు సంస్థకు లాభం చేకూర్చగలడు.

పదవ తరగతి తరువాత పారిశ్రామిక శిక్షణ సంస్థల విధానంలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ శిక్షణ ఉంది. సికింద్రాబాదులోని ప్రభుత్వ ముద్రణా సాంకేతిక విద్యాసంస్థ డిప్లొమా చదువు చెప్పింది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం, కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ముద్రణా ఇంజనీరింగులో పేరుగాంచాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద భృతి పొందుతూ పని నేర్చుకునే మార్గం కూడా ఉంది. ఇంటర్మీడియట్‌లో ఏ విభాగం చదివినవారైనా తమ అభిరుచినిబట్టి ఈ మూడు దశలలో ఒకదానిని ఎన్నుకోవచ్చు.

అక్షరం తెలిసిన చేయి

ఈ రంగంలో భాషావిద్యార్థికి ప్రత్యేకమైన స్థానం ఉంది. తొలినాటి తెలుగు సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటి తనదైన సంకేతపద్ధతిని వాడేవి. ఒకదానిలో కూర్చిన పుట మరొకదానిలో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు స్థిరమైన స్థానం దొరికింది. కంప్యూటర్లలో, చరవాణులలో నేడు మనం చదువుతున్న తెలుగుకు అదే ఆధారం. కాని అచ్చుకూటాలలో పాత పద్ధతి చాలాకాలం కొనసాగింది. పాత ఫాంటునుండి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోవడం, గుణింతాలు తారుమారు కావడం సాధారణం. వాటిని పట్టుకోవడానికి భాష తెలిసిన కన్ను కావాలి.

కృత్రిమమేధ అచ్చుబొమ్మనుండి అక్షరాలను చదివిపెడుతున్నది, వాక్యాలను సైతం సవరించి చూపుతున్నది. దీనితో ప్రూఫ్ రీడర్‌కు కాలం చెల్లిందని కొందరంటారు. ఒక సంగతి గమనించండి. ‘వధువు’ అన్న మాట తప్పుగా పడితే యంత్రం గుర్తించవచ్చు. ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం’ అన్న మాటలో తప్పు లేదని, దానిని సవరించకూడదని తెలియాలంటే తెలుగువారి కాలగణన తెలియాలి. దిద్దవలసినది దిద్దడం ఎంత అవసరమో, దిద్దకూడనిది విడిచిపెట్టడం అంత అవసరం. సందేహం కలిగినచోట గిరాకీదారుని ఒక్కమాట అడగడం అన్నింటికన్నా అవసరం. ఆనాటి యువకుడు పురోహితునికి ఒక్కసారి ఫోను చేసి ఉంటే ఆ వృద్ధురాలు తలంబ్రాలు చూచి ఉండేది.

శ్రీరాంపూరు మంటలలో లోహపు అక్షరాలు కరిగినా చెక్కే నేర్పు మిగిలింది. డి.టి.పి. రాకతో కేసులు అటకెక్కినా అక్షరదోషం ఎరిగిన కంపోజిటర్ ప్రూఫు బల్లముందుకు చేరగలిగాడు. యంత్రం నడపడం మాత్రమే తెలిసినవాని ఉద్యోగం ఆ యంత్రంతోపాటే పాతబడుతుంది. అచ్చవుతున్న మాటను అర్థం చేసుకోగలవానికి తరువాతి యంత్రం దగ్గర కూడా పని దొరుకుతుంది.

పుల్లలచెరువునుండి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలనుండి ఏటా ఎందరో యువతీయువకులు పని వెదుక్కుంటూ నగరాలకు వెళుతున్నారు. వారిలో కొందరు అచ్చుకూటాలలో చేరుతారు. వెళ్ళేవారు ఒక యంత్రం పని నేర్చుకుని వెళ్ళడం మంచిది. దానితోపాటు తమ ఊరి శుభలేఖను తప్పులేకుండా చదవగలిగేటంత తెలుగును కూడా వెంట తీసుకొని వెళ్ళాలి.

కఠిన పదాలు – అర్థాలు

జీవనాధారం = బతకడానికి ఆధారమైనది
అచ్చుకూటం = ముద్రణాలయం
లేఖకుడు = వ్రాయసగాడు
గంటం = తాటాకుమీద వ్రాసే లోహపు సాధనం
ఆహుతి అగు = కాలి బూడిద అగు
ప్రతిబింబం = అద్దంలో కనబడే రూపం
మన్నన = గౌరవం
గిరాకీ = కొనేవారి కోరిక
గండం = ఆపద
ఉదంతం = వృత్తాంతం
ముద్రాపకుడు = అచ్చువేయించేవాడు, ముద్రణాలయ యజమాని
భృతి = జీతం
చరవాణి = మొబైల్ ఫోను

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కంపోజిటర్ పనివిధానాన్ని, డి.టి.పి. రాకతో ఆ వృత్తిలో వచ్చిన మార్పును వివరించండి.
2. నేటి ముద్రణరంగంలో గిరాకీ తగ్గిన శాఖలను, పెరిగిన శాఖలను సోదాహరణంగా తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. శుభలేఖలో జరిగిన పొరపాటు ఏమిటి? దానికి కారణమేమిటి?
2. మార్కాపురం పలకల పరిశ్రమ మనకు నేర్పే పాఠం ఏమిటి?
3. ముద్రణాలయంలోని మూడు దశలను పేర్కొనండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. తెలుగు అక్షరాలు మొదటిసారి ఏ నగరంలో అచ్చయ్యాయి?
2. శిలాముద్రణను కనుగొన్నది ఎవరు?
3. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు స్థానం ఎప్పుడు దొరికింది?

IV. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు తెలపండి: ముద్రణాలయం, సూర్యోదయం, మహోపకారం, అత్యవసరం, అక్షరాభ్యాసం.
2. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి: వధూవరులు, అక్షరదోషం, భాషాజ్ఞానం.

V. చేసి చూడండి
మీ ఇంటిలో ఉన్న పాత శుభలేఖ ఒకటి, కొత్త శుభలేఖ ఒకటి తీసుకుని, వాటిలోని భాషను, ముహూర్తం వ్రాసిన తీరును, ముద్రణను పోల్చి ఒక పుటకు మించకుండా వ్యాసం వ్రాయండి.